బరువుల మేస్త్రి ఇంటి కిటికీ

ఆ ఊరి గడియారపు స్తంభం మీదికి గంటను ఎక్కించింది ఆయనే. బట్టల మిల్లు బాయిలరును పాత షెడ్డు నుంచి కొత్త షెడ్డుకు, ఇరుకు సందులోంచి, ఒక్క ఇటుక పెళ్ళ రాలకుండా దాటించింది ఆయనే. బ్యాంకు ఇనప్పెట్టెను మోయలేక కూలీలు మెట్ల మధ్య వదిలేసి పోతే, దాన్ని పై అంతస్తుకు చేర్చి, "ఇక్కడ చాలా సార్, ఇంకో బెత్తెడు ఎడమకు జరపమంటారా?" అని మేనేజరును అడిగిందీ ఆయనే. పెద్దాసుపత్రి ఎక్స్‌రే మిషను, అచ్చాఫీసు ముద్రణ యంత్రం, వంతెన కింద బురదలో కూరుకుపోయిన రోడ్డు రోలరు... అన్నీ రాసుకుంటూ పోతే అసలు కథకు చోటుండదు. ఊరిబడితో చదువు ఆగిపోయిన మనిషి ఇన్ని చేశాడంటే ఆషామాషీ సంగతి కాదు. ఆ మాట ఆయనకూ తెలుసు. కొత్తవాళ్ళెవరు కనబడినా ఈ వరసంతా అప్పజెప్పేవాడు. మధ్యలో ఒకటి మరిచిపోతే వెనక్కి వెళ్ళి మళ్ళీ గంట దగ్గర మొదలుపెట్టేవాడు.

నిజానికి ఆయన దేన్నీ ఎత్తేవాడు కాదు. అదే ఆయన గొప్ప. "ఎత్తడానికి క్రేను ఉందిరా. మనం బరువును బుజ్జగించి తీసుకెళ్ళాలి," అనేవాడు తన జట్టుతో. నేల మీద గుండ్రటి ఇనప గొట్టాలు పరిచేవాడు. గడ్డపార మొన మిషను కిందికి దూర్చి, దాని కింద చెక్కదిమ్మ ఒకటి ఆనించి, అవతలి కొస మీద చంటిపిల్లను జోకొట్టినట్టు చెయ్యి వేసేవాడు. ఏనుగంత ఇనుము ఒళ్ళు విరుచుకుని లేచేది. గొట్టాల మీదికి ఎక్కిందా, ఇక దొర్లుకుంటూ పోవడమే. అందుకే ఆయనకు దొర్లుడు మేస్త్రి అని పేరు పడింది. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఓటర్ల జాబితాలో తప్ప ఎక్కడా మిగల్లేదు.

ఆయన భార్య ప్రసూతి ఆసుపత్రిలో ఆయా. సగం ఊరు ఆమె చేతుల్లోకే పుట్టింది. మేస్త్రి తన గొప్పల వరస ఎత్తుకున్నప్పుడల్లా వంటింట్లోంచి ఆమె గొంతు వినపడేది.

"ఏమయ్యోయ్ మేస్త్రీ, నీ బాయిలర్లు నోరెత్తవు కాబట్టి నీ ఆటలు సాగాయి. నేను మోసేవి పుట్టీపుట్టగానే ఊరంతా వినబడేట్టు అరుస్తాయి. దమ్ముంటే ఒక్కదాన్ని గొట్టాల మీద దొర్లించు చూద్దాం!"

"నీ సరుకు చేటలో పట్టేస్తుందే. అదీ ఒక బరువేనా?"

"బరువు సంగతి తర్వాత. మేం ముందు మొహం చూస్తాం."

వాళ్ళకు ఒక్కతే కూతురు. హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పే టీచరు. పెళ్ళయి నాలుగు వీధుల అవతలే కాపురం ఉంటున్నా, సాయంత్రం బడి వదలగానే ఆమె చెప్పులు ముందు పుట్టింటి గుమ్మంలోనే ఆగేవి. కూతురు ఆ పాఠం చెబుతుందని మేస్త్రికి గర్వమే గానీ, అదేమిటో సరిగ్గా తెలియదు. ఒకరోజు అడగనే అడిగాడు.

"టీచరమ్మా, ఇంతకీ నువ్వు చెప్పేది దేని గురించి? నాకు ఒక్క ముక్కలో చెప్పు."

"ఏది ఎందుకు కదలనంటుంది, కదిలింది ఎందుకు ఆగనంటుంది. అంతే నాన్నా."

"ఓస్, మీ అమ్మ నోటి గురించా!"

"నా నోరు కదలనన్నది ఎప్పుడు?" అంది తల్లి.

ముగ్గురూ నవ్వుకున్నాక కూతురు వివరంగా చెప్పింది. బస్సు ఆగితే మనం ముందుకు తూలడం, తలుపును మడతబందుల దగ్గర నెడితే మొరాయించి గడియ దగ్గర నెడితే వేలితో కదలడం, సన్నటి తాడు కట్టిన సంచి చేతిని కోసేయడం, అదే సంచి వెడల్పాటి పట్టీతో హాయిగా వేలాడటం, బీరువాను మొదట కదిపేటప్పుడు చచ్చేంత కష్టపడి, కదిలాక తేలిగ్గా నెట్టేయడం, అన్నీ భౌతికశాస్త్రమేనట. మేస్త్రి ఊకొడుతూ విన్నాడు. ఒక్కచోట మాత్రం ఆయనకు చిర్రెత్తింది.

"బరువు పట్టుకుని కదలకుండా నిలబడితే అది పని కిందికి రాదు నాన్నా. మా లెక్కలో పని సున్నా."

"సున్నానా? ఆ లెక్క కట్టినవాణ్ణి ఒకసారి ఇటు పంపించు తల్లీ. మోటారు ఇరుసు భుజాన పెట్టి నిలబెడతాను. సున్నా ఎన్ని గంటలు మోస్తాడో చూద్దాం."

ఇంకో మాట మాత్రం ఆయనకు తెగ నచ్చింది. ఏ వస్తువుకైనా దాని బరువంతా ఒకచోట కూడినట్టుండే తావు ఒకటి ఉంటుందనీ, పుస్తకంలో దాన్ని గరిమనాభి అంటారనీ కూతురు చెప్పింది. మేస్త్రి తొడ చరిచాడు. "మేం బొడ్డు అంటాం! ముందు దాని బొడ్డు ఎక్కడుందో చూడండ్రా అనేగా నేను రోజూ అరిచేది!" ఆ రోజు నుంచి తన వరసలో గంట తర్వాత, బాయిలరు కంటే ముందు, ఈ ముచ్చట కూడా చేరింది.

అలాంటి ఇంట్లో ఒక మధ్యాహ్నం ఆమె ఉతికిన దుప్పటి తీగ మీద వేయబోతే కుడిచెయ్యి లేవలేదు. దుప్పటి నేల మీద పడింది. దాని మీద ఆమె పడింది.

ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చేసరికి కుడివైపంతా చచ్చుబడి ఉంది. నోరు కుడిపక్కకు జారిపోయింది. మాట పోయింది. ఎవరైనా ఒకటంటే రెండు అప్పజెప్పే మనిషి, నీళ్ళు కావాలన్నా ఎడమచెయ్యి ఎత్తి గాలిలో ఆడించాల్సి వచ్చింది. డాక్టరు ఒకటే చెప్పాడు. పడుకోబెట్టి ఉంచొద్దు, రోజూ లేపి కుర్చీలో కూర్చోబెట్టండి, లేకపోతే వీపు పుండ్లు పడుతుంది, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది.

కూతురు మర్నాడే ఒక నర్సమ్మను మాట్లాడి వెంటబెట్టుకొచ్చింది. మేస్త్రి గుమ్మంలోనే అడ్డంగా నిలబడ్డాడు.

"ఊరందరి బరువులూ నా చేతుల మీదుగా దిగాయి. నా ఇంట్లో బరువు దించడానికి ఇంకో మనిషా? నా బరువు నేను మోసుకుంటాను, పొండి!"

గదిలో మంచం మీద ఆమె అంతా వింటోంది. తలను గోడవైపు తిప్పుకుంది.

మేస్త్రి అది చూశాడు. అన్నమాట వెనక్కి రాదు. తన నోట్లో బరువు అంటే తిట్టు కాదనీ, జీవితమంతా తను ఇష్టంగా తలకెత్తుకున్నది దాన్నేననీ చెబుదామనుకున్నాడు. కానీ తప్పయింది అనే మాట ఆయన ఎవరితోనూ అనలేదు. ఆ మాట పలకడానికి నోరు ఎలా తిప్పాలో కూడా తెలియదు. ఆమె ఒక్కసారి నవ్వితే చాలు, కోపం పోయిందని తెలుస్తుంది అనుకున్నాడు. ఇక మీదట ఆయన బతుకంతా ఆ ఒక్క నవ్వు కోసం ఎదురుచూపులే అయింది.

ముందు ఆమెను వెనక గదిలోంచి వీధిగదిలోకి మార్చాలనుకున్నాడు. అక్కడైతే కిటికీ ఉంది, వెలుతురు ఉంది, నలుగురి మొహాలు కనబడతాయి. మంచంకోళ్ళ కింద సబ్బు రాసిన గోనెపట్టా ముక్కలు పెట్టి, ఆమెను మంచం మీదే ఉంచి, ముక్కాలిపీట మీది గ్లాసును ఆమె తలాపున పెట్టి, గడపకు రెండుపక్కలా పలకలు వాలుగా వేసి, మెల్లగా జరుపుకుంటూ తీసుకొచ్చాడు. గ్లాసులో నీళ్ళు తొణకలేదు. "చూశావా?" అన్నాడు కూతురితో. భార్యతో అనే ధైర్యం లేక.

అసలు పరీక్ష మంచం మీంచి కుర్చీలోకి మార్చడం దగ్గర వచ్చింది. మొదటిసారి చంకల కింద చేతులు వేసి పైకి లాగబోయాడు. ఇద్దరూ పడబోయారు. సాయంత్రం కూతురు వచ్చి, "నువ్వు స్టూలు మీద నిటారుగా కూర్చో నాన్నా. ఇప్పుడు ముందుకు వంగకుండా లే," అంది. ఆయన లేవబోయాడు. లేవలేకపోయాడు. మళ్ళీ ప్రయత్నించాడు. పిర్ర స్టూలుకు అతుక్కుపోయినట్టే ఉంది. మంచం మీంచి ఆమె చూస్తోంది.

"నీ బొడ్డు ఇంకా స్టూలు మీదే ఉంది," అంది కూతురు. "తల మోకాళ్ళు దాటి ముందుకొస్తే గానీ బరువు పాదాల మీదికి రాదు. అమ్మనూ అంతే. పైకి లాగకు. ముందుకు వంచు. తనంతట తనే లేస్తుంది."

ఆ సాయంత్రమంతా భార్యాభర్తలిద్దరూ సాధన చేశారు. ఆయన ఆమె ఎదురుగా మోకాళ్ళు వంచి నిలబడాలి. ఆమె ఎడమచెయ్యి ఆయన మెడ చుట్టూ. ఆయన చేతులు ఆమె నడుము వెనక. ఆమె పాదాలు జారకుండా ఆయన పాదాల మధ్య. మెల్లగా ముందుకూ వెనక్కూ ఊగడం, ఒకసారి, రెండుసార్లు, మూడోసారి ఆ ఊపులోనే లేవడం. నిలబడ్డాక చిన్నచిన్న అడుగులతో తిరిగి, కుర్చీ అంచు ఆమె పిక్కలకు తగిలాక దించడం. వినడానికి ఇంతే. కానీ పెళ్ళయినప్పటి నుంచీ పగటివేళ, వీధి కిటికీ తెరిచి ఉండగా, వాళ్ళిద్దరూ ఒకరినొకరు అంత దగ్గరగా పట్టుకుని నిలబడింది లేదు.

ఆయన మాత్రం అప్పుడు కింద చూస్తూ ఉండేవాడు. అది బరువులు జరిపే పనివాళ్ళందరికీ ఉన్న కట్టుబాటు. బరువు కదిలేటప్పుడు దాని పైభాగం చూడకూడదు. పైన ఏదో ఊగుతుంది, మెరుస్తుంది, మనిషి కంగారుపడతాడు. నేలను తాకే చోటే నిజం తెలుస్తుంది. జారబోయేది మొదట అక్కడే జారుతుంది. "కాలు చూడు, కాలు చూడు!" అని జట్టు మీద కేకలేసి కేకలేసి ఆయన గొంతు బొంగురుపోయింది. ఆ కట్టుబాటు పుణ్యాన ఆయన జట్టులో ఒక్కడికీ వేలు కూడా నలగలేదు. ఆమెను లేపేటప్పుడూ ఆయన చూపు ఆమె పాదాల మీదే. చచ్చుబడ్డ కుడిమడమ మడత పడుతుందేమో, కుర్చీ కాలు పక్కకు జరుగుతుందేమో అని.

కూర్చోబెట్టాక తను ఆమె కుడిపక్కన పీట వేసుకునేవాడు. వాలిపోయే వైపే దన్ను ఉండాలి కదా. దాంతో ఆయనకు కనబడేది జారిపోయిన ఆ కుడిచెంపే. అది నవ్వదు, ఏడవదు. ఆమె అలసిపోయి కిటికీ వైపు తల వాల్చి, వీధిని చూస్తూ చూస్తూనే కునుకు తీసేది. ఆయన పక్కనుంచి దొంగచూపులు చూసేవాడు. ఎదురుగా వెళ్ళి కూర్చుని ఆమె కళ్ళలోకి చూసే ధైర్యం ఆయనకు లేదు.

"మీ అమ్మకు నా మీద కోపం పోలేదు," అన్నాడొకనాడు కూతురితో.

"కోపమేంటి నాన్నా? దేనికి?"

"ఏమో. ఉంది."

"అడగొచ్చుగా?"

"నువ్వు కాఫీ తాగి వెళ్ళు. చీకటి పడుతుంది."

ఊళ్ళోవాళ్ళు మాత్రం ఆయన్ను పొగిడారు. ఆ వయసులో ఎవరి సాయమూ లేకుండా భార్యను పూవులా చూసుకుంటున్నాడని చెప్పుకున్నారు. అది నిజం. ఆమె వీపు మీద ఒక్క పుండు లేదు. ఒక్కసారీ జారలేదు. ఆయన చేసిన పనులన్నిట్లోకీ ఇదే పెద్దదని రాయడానికి వెనకాడక్కర్లేదు. ఆయన మాత్రం దీన్ని తన వరసలో ఎప్పుడూ కలపలేదు.

ఎండ బాగా ముదిరిన ఒక రోజు, భోజనాల వేళకు ముందు, కుర్చీలోంచి మంచం మీదికి మార్చడానికి ఆయన వచ్చాడు. ఆమె తల కిటికీ వైపు వాలి ఉంది. నిద్రపోతోందనుకున్నాడు. లేపడం ఎందుకులే అని ఎదురుగా మోకాళ్ళు వంచి నిలబడ్డాడు. ఎడమచెయ్యి తీసి మెడ చుట్టూ వేసుకుంటే జారిపోయింది. నిద్రమత్తు అనుకున్నాడు. ఈసారి భుజం మీదికి లాక్కున్నాడు. పాదాలు చూసుకున్నాడు. ఊపాడు. ఒకటి, రెండు, మూడు. లేపాడు.

మొత్తం బరువు ఆయన మీద పడింది.

జీవితమంతా బరువులతోనే బతికిన మనిషికి ఇంకెవరూ చెప్పక్కర్లేకపోయింది. ఇంతకాలం ఆమె బరువు ఇంత అని తను అనుకున్నది ఆమె బరువు కాదు. లేచిన ప్రతిసారీ ఆమె ఆ ఎడమకాలి మీద తన వంతు తాను మోసుకుంది. ఎడమచేత్తో ఆయన మెడ పట్టుకుని ఇంకొంత తేలిక చేసింది. మిగిలిన కాస్తే ఆయన చేతుల్లో పెట్టింది. ఆ కాస్తనే ఆయన 'నా బరువు' అన్నాడు. ఇప్పుడు ఆమె వైపు నుంచి ఏ సాయమూ లేదు. ఆమెను దించితే ఆమె పోయిందన్న మాట నిజమైపోతుందేమో అన్నట్టు ఆయన దించకుండా అలాగే నిలబడిపోయాడు. ఎన్నో పెద్ద వస్తువులను చప్పుడు కాకుండా నేలకు దించిన చేతులకు అప్పుడు ఎలా దించాలో తెలియలేదు.

ఎదురింట్లో కుట్టుమిషను ఆగింది. అక్కడి కుట్టుపనావిడ పరుగున వీధి దాటి వచ్చి, ఆయన చేతులు విడిపించి, ఆమెను మంచం మీద పడుకోబెట్టింది.

ఆ తర్వాత ఆయన గంట గురించీ బాయిలరు గురించీ మాట్లాడటం మానేశాడు. ఎవరైనా పాత అలవాటు కొద్దీ కదిపినా, "ఆ, ఏదో చేశాంలే," అని ఊరుకునేవాడు. కూతురు కొన్నాళ్ళు పుట్టింట్లోనే ఉంది. మంచాన్ని మళ్ళీ వెనక గదిలోకి మారుద్దామా అని అడిగితే వద్దన్నాడు.

ఒక సెలవురోజు ఉదయం కుట్టుపనావిడ పలకరించడానికి వచ్చింది. గుమ్మం పక్కన కూర్చుంది. కూతురు లోపల టీ పెడుతోంది. కాసేపు ఎండ గురించీ, వీధి కుళాయి గురించీ మాట్లాడాక, ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది.

"మీరు వదినను లేపే వేళకు నేను మిషను తొక్కడం ఆపేసేదాన్ని అన్నయ్యా. ఇప్పటికీ ఆ వేళకు కాలు దానంతటదే ఆగిపోతోంది."

"ఎందుకమ్మా?"

"ఎందుకేంటి? ఆ నవ్వు చూడటానికి."

"ఏ నవ్వు?"

ఆయన తమాషాకు అడుగుతున్నాడనుకుంది ఆవిడ. తనే నవ్వేసింది.

"బాగుంది! మీ మెడ చుట్టూ చెయ్యేసి, మీ చెవి పక్కన మొహం పెట్టుకుని, రోజూ నవ్వేది కాదూ? సగం మూతితోనే. అయినా ఎంత కళ! మీరేమో గంభీరంగా కిందికి చూస్తూ ఒకటి, రెండు, మూడు అంటుంటే, ఆవిడ మీ భుజం మీదుగా నన్ను చూసి కన్ను గీటేది. 'చూడు మా మేస్త్రి గొప్పలు' అన్నట్టు. ఒకసారైతే మీ జబ్బ మీద చెంప ఆనించి అలా ఉండిపోయింది. నాకే సిగ్గేసి కిటికీ రెక్క మూసేశాను."

వంటింటి గుమ్మంలో కూతురు టీ పళ్ళెంతో ఆగిపోయింది.

"ఎప్పట్నించి?" అడిగాడు మేస్త్రి.

"ఏది? నవ్వడమా? మొదటి రోజు నుంచీ. మీరు స్టూలు మీంచి లేవలేక అవస్థపడ్డారు చూడండి, ఆ సాయంత్రం నుంచీ. ఏం, మీరు..." ఆవిడ ఆయన మొహం చూసి ఆగిపోయింది. కూతురి వైపు చూసింది. తన మాటలు ఎక్కడ తగిలాయో ఆవిడకు అర్థమైంది. "అయ్యో! నాకు తెలియదు అన్నయ్యా. మీకు తెలుసనుకున్నాను. ఆవిడ నవ్వింది మీ చేతుల్లో ఉండే కదా..."

"నేను కాలు చూసేవాణ్ణమ్మా," అన్నాడాయన. "పడిపోతుందేమోనని."

కూతురు పళ్ళెం కింద పెట్టి వచ్చి ఆయన భుజం పట్టుకుంది. ఆయన ఆ చెయ్యి మెల్లగా తీసేసి లేచాడు. చెప్పులు వేసుకోకుండానే వీధి దాటి ఎదురింటికి వెళ్ళాడు. కుట్టుమిషను ముందున్న స్టూలు మీద కూర్చున్నాడు. అక్కణ్ణించి ఆయన ఇంటి కిటికీ నిండుగా కనబడుతోంది. మంచం అంచు, కుర్చీ, ఆ రెండిటికీ నడుమ ఇద్దరు మనుషులు నిలబడేంత జాగా. ఆయన దాన్ని చూస్తూనే ఉండిపోయాడు.

కుట్టుపనావిడ వెనకే వచ్చి గుమ్మంలో నిలబడింది. ఏడుస్తోంది.

"ఊరుకో తల్లీ," అన్నాడాయన. "ఇలా వచ్చి కూర్చో. ఎలా నవ్విందో ఇంకోసారి చెప్పు."

"ఏ రోజుది చెప్పమంటారన్నయ్యా?"

"ఏ రోజుదైనా సరేనమ్మా. నాకన్నీ కొత్తవే."